మేం వాడని సెర్చ్

మా ఆఫీసులో ఒక దురలవాటు ఉండేది. మేం మాత్రం దాన్ని గొప్పతనం అనుకునేవాళ్లం. మేం తయారుచేసే బ్రౌజర్‌లో ముందే ఒక సెర్చ్ పెట్టి జనానికి ఇస్తాం కదా, కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే దాన్ని తీసేసి తమకు నచ్చింది పెట్టుకోవాలి. అప్పుడు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి కేకు కోసేవాళ్లం. తన హోటల్లో తాను తినని వంటవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా? మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

తూరున్ కూడా అలా కేకు తిని చేరిన మనిషే. కొత్త వెర్షన్ బయటికి వెళ్లేముందు దాన్ని నానా హింసా పెట్టి తప్పులు పట్టడం ఆమె పని. నోరు కరుకు, మనసు వెన్న. మధ్యాహ్నం అందరం ఇంటినుంచి కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టెలు తింటుంటే, ఆమె మా తప్పులు ఏకరువు పెట్టేది.

బ్రౌజర్ ఉచితమైతే మీకు జీతాలెవరిస్తారని ఎవరడిగినా ఓపిగ్గా చెప్పేది. మేం ఏ సెర్చ్ కంపెనీని ముందుగా కూర్చోబెడితే ఆ కంపెనీ ఇస్తుంది. జనం అందులో వెతికి ప్రకటన మీద నొక్కితే వచ్చేదాంట్లో మాకు వాటా. కావాలంటే ఎవరైనా మార్చుకోవచ్చు, కాని చాలామంది మార్చుకోరు. వాళ్ల పుణ్యాన మా ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

మా ఊరు ట్రాండ్‌హైమ్‌లో తూరున్ ఉండే భవనంలో, ప్రతి వసంతంలో ఒకరోజు అందరూ కలిసి ఆకులు ఊడ్చి, కంచెకు రంగులేసి, సాసేజ్‌లు కాల్చుకుని తింటారు. ఆ రోజు మొహం చాటేసినవాళ్లను ఏడాదంతా మెట్లమీద ఎవరూ పలకరించరు. నడుం నొప్పితో పార పట్టలేని తూరున్, తన వంతు పనిగా కింద బేస్‌మెంట్‌లో బల్ల వేసుకుని ఇరుగుపొరుగు కంప్యూటర్లు బాగుచేసేది. పనిలో పనిగా అందరికీ మా బ్రౌజర్ పెట్టేది. ట్రామ్ నడిపి రిటైరైన గున్‌వోర్‌కీ అలాగే పెట్టింది. పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఆ పెద్దావిడకు తూరున్ మాటంటే వేదం.

ఆ ఏడాది మా బాస్ అస్లక్ పాత సెర్చ్ కంపెనీని వదిలేసి, ఎక్కువ వాటా ఇస్తానన్న కొత్తదాన్ని తెచ్చాడు. అందులో డబ్బిచ్చి పెట్టించిన ప్రకటనలు అచ్చం అసలు ఫలితాల్లాగే కనబడతాయి. ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు. మాలో ఎవరైనా ఆ సెర్చ్ వాడితే గదా! తూరున్ కూడా అది తెరుచుకుంటుందా లేదా అని చూసిందే గాని, అందులో వచ్చేది చదవలేదు.

నవంబర్లో, ఉత్తరాన దూరంగా ట్రోమ్సోలో ఉన్న గున్‌వోర్ చెల్లెలికి ప్రాణం మీదికొచ్చింది. గున్‌వోర్ విమానం టికెట్ కోసం వెతికి, అన్నిటికంటే పైన ఉన్నదాని మీద నొక్కి కొనుక్కుంది. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి అమ్మాయి అటూ ఇటూ చూసి, అలాంటి టికెట్టే లేదంది. ఆ రోజుకు మిగిలిన విమానాల్లో సీట్లు లేవు. మర్నాడు వెళ్లేసరికి చెల్లెలు కన్నుమూసింది.

అంత్యక్రియలయ్యాక తిరిగొచ్చి, నేనే ఏదో తప్పు నొక్కి ఉంటానని తూరున్‌తో చెప్పుకుని బాధపడిందట. తూరున్ ఆమె కంప్యూటర్ తెరిచి అవే మాటలు వెతికింది. లేని టికెట్ అమ్మిన ఆ దొంగ దుకాణం, డబ్బిచ్చి పెట్టించిన ప్రకటనగా, ఇంకా పైనే ఉంది.

మర్నాడు భోజనాల వేళ గున్‌వోర్ సంగతి చెప్పి, గోడమీది తెరపై మా అందరికీ అది చూపించింది.

"ఆవిడ నొక్కిన నొక్కుడికి మనకీ వాటా వచ్చింది కదా?" అని అడిగింది.

వచ్చే ఉంటుందన్నాడు అస్లక్. ఆ దుకాణాన్ని తీసేయమని సెర్చ్ కంపెనీకి రాస్తానన్నాడు గాని, ఆ కంపెనీని మార్చడానికి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పందం తెంచుకుంటే ఈ బల్ల దగ్గర సగం మందికి ఉద్యోగాలుండవన్నాడు. తూరున్ మా అందరి వంకా చూసింది. మేం రొట్టెల వంక చూసుకున్నాం. పిల్లలు గలవాళ్లం, ఇంటి అప్పులు గలవాళ్లం. సిగ్గేసింది, అయినా తింటూ కూర్చున్నాం.

ఆ సాయంత్రం తూరున్ పై అంతస్తుకు వెళ్లింది. చెప్పకపోతే గున్‌వోర్ తన చేతులనే తిట్టుకుంటూ బతుకుతుంది. చెబితే ఆ ఇంటి తలుపు తనకు మూసుకుపోవచ్చు. గున్‌వోర్ వాఫిల్స్ అనే తీపి అట్లు వేసి బ్రౌన్ చీజ్‌తో ముందు పెట్టింది. తూరున్ వాటిని ముట్టుకోకుండా వాటా సంగతితో సహా అంతా చెప్పింది. తప్పు మీ వేలిది కాదు, మాది అంది. ఇప్పుడే సెర్చ్ మార్చేస్తానని కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది.

గున్‌వోర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులే అమ్మాయ్. అందరూ మార్చేసుకుంటే నువ్వేం తింటావు? నే చూసుకుని నొక్కుతాలే. పోయింది ఎలాగూ తిరిగి రాదు." చెయ్యి వదలకుండానే మళ్లీ అంది. "ఆ మాటకొస్తే నీ కంప్యూటర్లోనూ ఇదేగా ఉండేది."

అవునంటే సరిపోయేది. కనుక్కునేవాళ్లు లేరు.

"లేదు," అంది తూరున్. "మా ఆఫీసులో ఎవరూ దాన్ని ఉంచుకోరు. చేరిన రోజే తీసేస్తాం."

గున్‌వోర్ చెయ్యి వదిలేసింది. "అయితే మార్చు," అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్చడం క్షణం పని. అయిపోయిందని తూరున్ పిలిచింది, మళ్లీ పిలిచింది. గున్‌వోర్ బయటికి రాలేదు.