ఎస్తేరు టీచరు గారి ఇంటి రిజిస్ట్రేషన్

మొన్న బ్యాంకులో నా పక్కనున్న పెద్దావిడ వేలిముద్ర వేయడానికి లేచింది. గుమస్తా ఇంకుప్యాడు మూత తీయగానే ఘాటైన సిరా వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో బెజవాడ పాత రిజిస్ట్రారు ఆఫీసు వరండా గోడ కళ్ల ముందుకొచ్చింది. నడుమెత్తున ఆ గోడంతా నల్లటి మరకలే, ఇళ్లూ పొలాలూ అమ్మినవాళ్లు వేళ్లు తుడుచుకు వెళ్లినవి. నన్నక్కడికి మొదటిసారి తీసుకెళ్లింది ఎస్తేరు టీచరు గారు. దివిసీమ ఉప్పెనకు రెండేళ్ల ముందు మాట.

మిషన్ స్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. నేను కొత్తగా చేరిన తెలుగు టీచరుని, ఇరవై రెండేళ్లదాన్ని. ఆవిడకు నలభై అయిదు దాటాయి. తమ్ముళ్లను చదివించి స్థిరపరిచాక తన సంగతి ఆలోచించుకునే తీరిక అప్పటికి దొరికింది. అద్దె గది నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. సరిగ్గా అప్పుడే భవానీపురంలో ఒక పెంకుటిల్లు బేరానికొచ్చింది. ముందు రెండు గదులు, వెనక విడిగా ఇంకో గది, బావి. పన్నెండు వేలు. ప్రావిడెంట్ ఫండు మీద అప్పూ, దాచుకున్నదీ కలిపితే అంతకు కాస్త ఎక్కువ తేలింది. అడ్వాన్సు ఇచ్చేశారు. ఇల్లు కొనడమంటే ఇంటి ధర కట్టడమేననుకున్నాం ఇద్దరం.

ఆ అమాయకత్వం వదిలించినవాడు డాక్యుమెంటు రైటరు. వరండాలో బల్ల వేసుకుని కూర్చునే బక్కపలచటి మనిషి. స్టాంపు కాగితాలు, రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, తన రాతకూలి, సాక్షుల కాఫీ ఖర్చు అంటూ ఒక్కొక్కటే చెబుతుంటే నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మానేశాను. మొత్తం పదిహేను వందలు దాటింది. టీచరు గారు మాత్రం కొత్త పురుగు దొరికిన పిల్లలా ముందుకు వంగారు.

"ఈ ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎవరికి పోతుందండీ?"

"మునిసిపాలిటీకమ్మా."

"అయితే మా వీధి కాలవకి నేనూ కొంత ఇచ్చినట్టే. మరి స్టాంపు కాగితం అంత ఖరీదు ఎందుకూ? మామూలు కాగితం మీద రాస్తే అబద్ధమవుతుందా?"

రైటరు నవ్వాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా ఈ ప్రశ్న ఎవరూ వేయలేదన్నాడు. ఇంటికి వెళ్తూ ఆవిడ దారిలోనే లెక్క తేల్చేశారు. కరెంటు కనెక్షను ఇప్పుడు వద్దు, పెంకులు వచ్చే ఏడు నేయించుకోవచ్చు, కిరసనాయిలు దీపం ఉండనే ఉంది.

ఆ ఖర్చుల్లో ఒక్కటి మాత్రం వదిలేయమని రైటరే సలహా ఇచ్చాడు. ఆ ఇంటి మీద పూర్వం ఏ కాగితాలు పుట్టాయో ఆఫీసు పుస్తకాల్లో వెతికించడానికి కట్టే ఫీజు అది. ఎన్నేళ్లు వెనక్కి వెళితే అంత పెరుగుతుంది. "అమ్మేవాడు సాంబశివరావు నాకు తెలిసినవాడేనమ్మా, ఆటోనగర్లో లేతు పని చేస్తాడు. దండగ ఖర్చు," అన్నాడు.

"మిగతావన్నీ ఇచ్చెయ్యడమే కదండీ. నాకు తెలియనిది తెలిసేది దీనొక్కదానితోనే. ముప్పై ఏళ్లకి వెతికించండి," అన్నారావిడ.

పది రోజులకు కాగితం వచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట సాంబశివరావు తండ్రి వెనక గదినీ దాని ముందు జాగానూ కూతురు కోటేశ్వరమ్మకు దానంగా రాసి రిజిస్టరు చేయించాడు. సాంబశివరావుని పిలిపిస్తే తలవంచుకుని, "ఎప్పటి సంగతో అండీ, నాకు సరిగ్గా తెలవదు," అన్నాడు.

రైటరు గొంతు తగ్గించాడు. "ఆవిడ కూచిపూడి అవతల పల్లెలో ఉంటుందమ్మా. చదువు లేదు. అన్న పిలిస్తే వచ్చి వేలిముద్ర వేసి వెళ్తుంది. ఎందుకని విడమర్చి చెప్పారో, వాటా అంటుంది, బేరం చెడుతుంది. మీ అడ్వాన్సు ఇరుక్కుంటుంది."

టీచరు గారు అక్కడినుంచి తిన్నగా ఆఫీసులోకి నడిచారు. ఆ దానపత్రం నకలుకు ఇంకో ఫీజు కట్టారు. ఆదివారం చర్చి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

కోటేశ్వరమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. పరిచయాలయ్యాక టీచరు గారు నకలు తీసి మొదటినుంచీ చదివారు. 'నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత' అన్న చోట చేట ఆగిపోయింది.

"మా నాన్నా? అంతా అన్నకే ఇచ్చాడనుకున్నానమ్మా. ఆ కోపంతో ఇరవై ఏళ్లు ఆ గడప తొక్కలేదు నేను. ఇంకోసారి చదవండి."

టీచరు గారు మూడుసార్లు చదివారు. చివరికి కోటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుని, "ముందు ఆ గది చూడాలి. అమ్మే మాట తరవాత," అంది. గది ఖాళీ చేయాల్సిన నెలాఖరుకు ఆరు రోజులే ఉన్నాయి.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అన్నాను, "ఆ ప్రేమాభిమానాల మాట అన్ని దానపత్రాల్లోనూ ఉంటుందట టీచరు గారూ. రైటర్లు అలవాటుగా రాసేదే."

"ఉండనీ. ఆయన చదివించుకునే కదా సంతకం పెట్టాడు," అన్నారావిడ, కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ.

రెండో రోజు కోటేశ్వరమ్మ వచ్చింది. వెనక గదిలో పాత టైర్లూ ఇనప సామానూ ఉన్నాయి. వాటి మధ్యే ఒక పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. సాంబశివరావు బావి దగ్గర నిలబడ్డాడు. ఆవిడ బయటికొచ్చి అన్నను ఒకే మాట అడిగింది. "నీకు తెలుసు కదూ?"

అతను బావి గిలక వైపు చూస్తూ తలూపాడు. "పెళ్లాం బిడ్డలతో ఎక్కడికి పోతానని అప్పట్లో భయపడ్డానే," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. ధరలో మూడో వంతు తనకివ్వమంది. అతను ఒప్పుకున్నాడు. గురువారం ఇద్దరూ కలిసి రిజిస్ట్రేషన్ చేశారు. కోటేశ్వరమ్మ వేలిముద్ర వేసేముందు రైటరు, ఎవరూ అడగకుండానే, దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించాడు.

టీచరు గారు ఏడాదిన్నర దీపం వెలుతురులోనే నోటుబుక్కులు దిద్దుకున్నారు. కోటేశ్వరమ్మ బెజవాడ ఎప్పుడొచ్చినా ఆ వెనక గదిలోనే పడుకునేది. టీచరు గారు తాను పోయేదాకా దాన్ని కోటేశ్వరమ్మ గది అనే పిలిచారు. తన సొంత ఇంట్లో ఇంకొకరి పేరున్న గది ఉండటం ఆవిడకు ముచ్చటగానే ఉండేది.

చాలా ఏళ్లకు నేను అదే స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఒక మధ్యాహ్నం పాత సర్వీసు పుస్తకాలు తిరగేస్తుంటే, అంతకుముందే రిటైరైన ఆయాకు మూడేళ్ల ఇంక్రిమెంట్లు ఎవరూ వేయలేదని కనబడింది. గుమస్తా నా భుజం మీదుగా చూసి, "ఇప్పుడవన్నీ తవ్వితే పైవాళ్లకి మనమే సంజాయిషీ చెప్పుకోవాలి మేడం. అయినా ఆవిడ అడగలేదు కదండీ," అన్నాడు.

"ఆవిడకు తెలిస్తే కదా అడగడానికి," అని, ఆయా ఇల్లెక్కడో కనుక్కుని చెప్పులు తొడుక్కున్నాను.