ఎనభై రెండు పెట్టాలంటే

వీరరాఘవులు ఒకచోట నిలిచే మనిషి కాదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి వీధిలోకి తొంగిచూస్తాడని భార్య అన్నపూర్ణేశ్వరి ముప్ఫై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. బెజవాడ ఆటోనగర్‌లో పానా పట్టి, ఫరీదాబాద్ వచ్చి లారీల షెడ్డు పెట్టి, జుట్టు నెరిసినా ఆ కాలు నిలవలేదు. ఆ ఏప్రిల్ ఉదయం మాత్రం మరీ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరుగుతున్నాడు. అంకయ్య తన రెండో లారీ తెచ్చి వాకిట్లో నిలిపాడు మరి.

"ఎండలు ముదురుతున్నాయన్నా. డెబ్భై ఒకటి వాల్వు వేసెయ్. లేదంటే పాత బండికి చేసినట్టు అసలు పీకి పారెయ్," అన్నాడు అంకయ్య.

వాల్వంటే థర్మోస్టాట్. ఇంజిన్ నీళ్ళు ఎంత కాగాక రేడియేటరుకు వదలాలో తేల్చే చిన్న ఇత్తడి తలుపు. ఈ బండికి కంపెనీ చెప్పింది ఎనభై రెండు డిగ్రీలది. కానీ అంకె తగ్గితే ఇంజిన్ చల్లగా ఉంటుందనీ, వాల్వే లేకపోతే ఇంకా చల్లగా ఉంటుందనీ మన షెడ్లలో అదో వేదం. ఎండాకాలం పీకుతారు, చలికాలం మళ్ళీ పెడతారు. పీకడం అందరికీ గుర్తుంటుంది.

అంకయ్య మొదటి లారీకి పీకింది వీరరాఘవులే. పెట్టడం మర్చిపోయాడు. రెండేళ్ళ కిందటి డిసెంబరు, జనవరి పొగమంచులో ఆ బండి కాగీ కాగని ఇంజిన్‌తోనే తిరిగింది. డీజిలు సరిగ్గా మండక ఆయిల్లోకి దిగింది, సిలిండర్ల లోపలి లైనర్లు అరిగాయి, ఫిబ్రవరికల్లా ఇంజిన్ తుక్కయింది. కల్తీ ఆయిలన్నారు అందరూ. విప్పిచూసిన క్షణంలోనే సంగతి తెలిసిన వీరరాఘవులు నోరు మెదపలేదు. అప్పటినుంచి ఎవరు ఆయిలు మాటెత్తినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అక్కడినుంచి లేచిపోతాడు.

ఇప్పుడు డెబ్భై ఒకటి వేస్తే రాబోయే చలికి ఈ ఇంజిన్ కూడా దెబ్బతింటుంది. ఎనభై రెండు వేస్తే ఎందుకో చెప్పాలి. చెబితే పాతది బయటపడుతుంది.

స్టవ్ వెలిగించి, చాయ్ గిన్నెలో నీళ్ళు పోసి, రెండు వాల్వులూ తీగకు కట్టి అందులోకి దించాడు. పక్కనే థర్మామీటరు పెట్టాడు.

"ఏంటన్నా ఈ వంట?"

"చూడు." ముందు ఒకటి తెరుచుకుంది. కాసేపటికి రెండోదీ తెరుచుకుంది. "తెరుచుకున్నాక దీని పనైపోయినట్టే. ఆపైన చల్లార్చాల్సింది రేడియేటరు. నీది మట్టితో పూడుకుపోయింది, కడుగుతాను. ఎండలకి అదే మందు. వాల్వు మాత్రం ఎనభై రెండే. లేకపోతే చలికాలంలో ఇంజిన్ కాగదు."

"కాగకపోతే ఏమవుద్ది?"

వీరరాఘవులు స్టవ్ కట్టేశాడు. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ కట్టేశాడు.

"నీ పాత బండికి అయిందే అవుద్ది. అప్పుడు వాల్వు పీకింది నేను, దీపావళికి పెట్టాల్సింది మర్చిపోయిందీ నేనే. ఆయిలు మంచిదే అంకయ్యా."

అంకయ్య తీగ పట్టుకుని వాల్వులు రెండూ గిన్నెలోంచి పైకి తీశాడు. "రెండేళ్ళన్నా," అన్నాడు. "కల్తీ ఆయిలు అమ్మావని మా బావమరిది చిట్టిబాబు కాలరు పట్టుకున్నాను, వాడి కొట్టుముందే, నలుగురిలో. మా ఆవిడ రెండు రాఖీలకి సొంత తమ్ముడి గడప తొక్కలేదు."

వీరరాఘవులుకు ఆ సంగతీ తెలుసు. రెండేళ్ళుగా అతన్ని కూర్చోనివ్వని ముల్లు అదే. సిగ్గుతో తల ఎత్తలేక, పానా అందుకుని ఎనభై రెండు వాల్వు కోసం చెయ్యి చాపాడు.

అంకయ్య ఆ చేతిని పక్కకు నెట్టాడు. "బిగించడం తర్వాత. ముందు చిట్టిబాబు కొట్టుకి పద. నాకు చెప్పింది అక్కడ చెప్పు, ఆ నలుగురూ వినాలి."

"ఠీక్ హై," అన్నాడు వీరరాఘవులు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఒక్కచోట నిలవని కాలు ఇప్పుడు గుమ్మం దాటనంది.

అంకయ్యే స్కూటరు బయటికి తీసి స్టార్ట్ చేశాడు. వెనక్కి తిరక్కుండానే, "ఎక్కన్నా," అన్నాడు.