చేపకు టచప్

ఫిల్మ్‌నగర్‌లో ఒక చేపకు కోటిమంది ఫైటర్లు ఉండేవారు. ఒట్టు! సరే, కోటి అన్నది నోటికొచ్చిన లెక్క. వాళ్లలో ఒక్కరికీ యూనియన్ కార్డు లేదని కూడా ఒప్పుకుంటాను. ఫైటర్లు ఉన్నమాట మాత్రం నిజం. వాళ్లందరినీ ఒక్క తువ్వాలుతో తుడిచిపారేసినవాడు బోరబండ బాలనర్సయ్య.

బాలనర్సయ్య చాలాకాలం సినిమాల్లో టచప్ పని చేశాడు. హీరో ముఖం చెమటతో మెరిస్తే డైరెక్టర్ "టచప్!" అని అరిచేవాడు, ఇతను పరుగెత్తి అద్దేవాడు. మోకాళ్లు మొరాయించాక ఫిల్మ్‌నగర్‌లోనే నిర్మాత రాఘవేంద్ర ఇంట్లో చేపల తొట్టె చూసుకునే పనికి కుదిరాడు. పని మారింది గాని చెయ్యి మారలేదు. ఒక పెళ్లిలో పురోహితుడి నుదురు కూడా అద్దాడు. ఆయన మంత్రం ఆపలేదు.

తొట్టెలో ఉన్నది మూరెడు పొడవు బంగారు రంగు చేప. అది వచ్చాకే తన సినిమాలు ఆడుతున్నాయని రాఘవేంద్ర నమ్మకం. కొత్త సినిమా ముహూర్తం షాట్ దాని ముందే పెట్టుకున్నాడు. అందుకని బాలనర్సయ్య తొట్టె కడగబోయి చేపను బయటికి తీస్తే, దాని ఒళ్లంతా జిగట.

"గిట్ల జిడ్డు మొహంతోని షాట్‌కు పోతవా బిడ్డా?" అంటూ తలనుంచి తోకదాకా శుభ్రంగా తుడిచాడు.

రెండు మూడు రోజుల్లో చేప ఒంటిమీద దూదిలాంటి తెల్లమచ్చలు లేచాయి.

"దీనికి పౌడర్ ఎవరు కొట్టారయ్యా?" అని రాఘవేంద్ర గర్జించాడు.

"నా డబ్బా ఎన్నడో పారేసిన సార్."

"దీనికేమన్నా అయిందో, నువ్వు మళ్లీ ఈ గేటు దాటి రానక్కర్లేదు!"

చేపల డాక్టరు మనోజ వచ్చి చూశారు. "పౌడర్ కాదు సార్, బూజు. దీని జిగట ఎవరు తీసిండ్రు?"

బాలనర్సయ్య ఫ్యాను వైపు చూశాడు.

"ఆ జిగటలనే ప్రొటీన్లు ఉంటయి. కొన్ని క్రిములకు అతుక్కొని కదలనియ్యవు. కొన్ని వాటి ఒంటికి బొక్క పొడుస్తయి. చేపకు అవే ఫైటర్లు."

"ప్రొటీనేగా! మా హీరో జిమ్ము డబ్బా తెప్పించి పోయిస్తాను."

"పోస్తే నీళ్లు కుళ్లుతయి సార్. మంచినీళ్లు, కొంచెం ఉప్పు చాలు. జిగట దానంతట అదే ఊరుతది. ఎవరూ ముట్టొద్దు, అంతే."

ఆ ముట్టకపోవడమే బాలనర్సయ్యకు గండం. మచ్చలు తగ్గేకొద్దీ చేప మెరిసేది, మెరిసేకొద్దీ వేళ్లు దురద పెట్టేవి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాపలా కాశాడు. చేప కోలుకుంది.

ముహూర్తం వచ్చింది. లైట్లు వెలిగాయి. బంగారు చేప ధగధగమంది. డైరెక్టర్ అలవాటుకొద్దీ "టచప్!" అని అరిచాడు.

తువ్వాలు పట్టుకుని బాలనర్సయ్య ఉరికాడు. చెయ్యి తొట్టెలోకి దిగబోయింది. "ఒరేయ్!" అని రాఘవేంద్ర అడ్డం పడ్డాడు. ఆయన బట్టతల కూడా లైట్ల కింద ధగధగమంటోంది. ఆ చెయ్యి గాల్లోనే మలుపు తిరిగి, నున్నగా ఆ బట్టతలమీద అద్దింది.

"షాట్ ఓకే!" అన్నాడు డైరెక్టర్. చేప బతికింది, కొలువూ నిలిచింది.

ఈమధ్య బాలనర్సయ్యను కదిపితే కస్సుమన్నాడు. "ఏంది సార్ గీ కథ? నేను ఎన్నడు చేపను ముట్టలే. అసలు ఆ ఇంట్ల చేపే లేదు. ఉన్నది కుక్క."