రామలింగేశ్వరరావుగారి ఇరవై కొట్లు

తిరువూరు చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయడానికి పూనుకుంటే, అందులో ఒక అధ్యాయం తప్పనిసరిగా సాయంత్రం నాలుగున్నరకు మొదలవ్వాలి. పద్దెనిమిదేళ్లపాటు, ఆదివారాలు మినహా, సరిగ్గా ఆ వేళకు ఎరువులు, పురుగుమందుల వ్యాపారి రామలింగేశ్వరరావుగారు కళ్లజోడు జేబులో పెట్టుకుని, కొట్టు దిగి, బస్టాండు వైపు నడిచి, వెంకాయమ్మ బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తినేవారు. ఆ మధ్యకాలంలో ప్రభుత్వాలు మారాయి, నోట్లు మారాయి, ఊరు ఉన్నచోటే ఉండగా జిల్లా మారింది. బజ్జీల వేళ మారలేదు.

బజ్జీల సంఖ్య మాత్రం దేశకాల పరిస్థితులను బట్టి ఉండేది. మామూలు రోజున నాలుగు. వాన ముఖం చాటేస్తే ఆరు. పత్తికి గులాబీ పురుగు పట్టిన ఏడు ఎన్ని తిన్నారో వెంకాయమ్మకే తెలియాలి. ఆ ఏడే ఆవిడ బండికి కొత్త రేకు వేయించింది.

ఆయన వృత్తి అలాంటిది. చేలో తెగులు కనిపించిన రైతు ఒక ఆకు తెంపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి, కౌంటరు మీద పడుకోబెట్టి, ఈయన ముఖంలోకి చూస్తాడు. ఆకుకు మందు చెప్పాలి, రైతుకు ధైర్యం చెప్పాలి. మందు కంపెనీవాళ్లు పంపిస్తారు. ధైర్యం మాత్రం సొంత సరుకు. రోజుకు ముప్పై మందికి పంచాక, సాయంత్రానికి లోపల ఏర్పడే ఖాళీని శనగపిండితో పూడ్చుకునేవారు.

కిందటి ఫిబ్రవరిలో షుగరు మూడొందల పది అని తేలింది. డాక్టరు బజ్జీలు మానమన్నాడు, మానేశారు. కంగారు మానమని చీటీలో రాయలేదు గనక అది మానలేదు. ఖాళీ అయిన సింహాసనాన్ని మొదటి వారం మిక్చరు ఆక్రమించింది. రెండో వారం కాజాలు దాన్ని కూలదోశాయి. ఆ పైన గోధుమ బిస్కెట్ల పాలన వచ్చింది. ఆరోగ్యానికి మంచివని అట్ట మీదే రాసి ఉండటంతో ఆయన వాటిని పాకెట్టుకు తక్కువ కాకుండా గౌరవించేవారు.

భార్య ఇందిరాదేవి మధ్యాహ్నం పూట కొట్లో కూర్చునేది. ఒకరోజు ఆయన ఒక రైతును మందు ఇవ్వకుండానే వెనక్కి పంపడం చూసింది. ఒక్క ఆకు చూసి మందు కొట్టకూడదు, చేను ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి ఇరవై మొక్కలు తిప్పి చూడాలి, అసలు పురుగుందో లేదో, ఉంటే ఏ పురుగో తేల్చుకుని రావాలి అని ఆయన అందరికీ చెప్పే మాటే ఆ రైతుకూ చెప్పారు. రైతు వెళ్లాడు. అమ్మకాలు తగ్గాయని కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఫోను పెట్టేసి ఆయన బిస్కెట్ల పాకెట్టు చింపారు.

"ఆయన్నేమో ఇరవై మొక్కలు చూసి రమ్మన్నారు," అంది ఇందిరాదేవి. "మీరేంటండీ, ఒక్క ఫోను రాగానే మందు కొట్టేస్తున్నారు?"

సొంత శాస్త్రంతో తననే కొట్టడం రామలింగేశ్వరరావుగారికి నచ్చలేదు. అయినా మర్నాటి నుంచి నోరు లాగినప్పుడల్లా కొట్టు దిగి, బస్టాండుకు ఎదురు దిక్కున ఇరవై కొట్లు దాటి తిరిగి రావడం మొదలుపెట్టారు. చేలో మొక్క మొక్కనూ చూసినట్టు, కొట్టు కొట్టుకూ లోపల ఏముందో చూసుకునేవారు. సైకిలు షాపు దగ్గర ఆకలి అనిపించినది, టైలరు దగ్గరికి వచ్చేసరికి కోపమని తేలేది. ఇంకోరోజు వట్టి దాహం. నిజంగా ఆకలే అయిన రోజులూ ఉన్నాయి. అప్పుడు ఇందిరాదేవి డబ్బాలో పెట్టిన గుగ్గిళ్లు, జామకాయ నింపాదిగా కూర్చుని తినేవారు. ఆరు నెలలు ఇలా గడిచాయి.

ఆగస్టు చివర్లో పెనుగొలను రైతు ఆదిశేషయ్య కవరు తెచ్చాడు. అందులోని పత్తి ఆకు సన్నగా, పొడుగ్గా చీలి, బెండ ఆకులా ఉంది.

"మీరిచ్చిన పచ్చదోమ మందే కొట్టానండి," అన్నాడు. "నాలుగెకరాలూ ఇట్టాగే ఉంది."

అరవలేదు. అరిచినా బాగుండేది. చేను చూడనిదే ఏమీ చెప్పలేనని, తప్పకుండా వచ్చి చూస్తానని రావుగారు ఆయన్ను పంపించేశారు. అదే మందు అప్పటికే మరో పదకొండు మందికి ఇచ్చి ఉన్నారు. కొట్టు దిగి ఇరవై కొట్లు నడిచారు. లోపల ఉన్నది భయమని మూడో కొట్టు దగ్గరే తేలిపోయింది, అయినా తగ్గలేదు. మళ్లీ నడిచారు. మూడోసారి కాళ్లు వాటంతట అవే బస్టాండు వైపు తిరిగాయి.

వెంకాయమ్మ దూరం నుంచే చూసి మిరపకాయలు అందుకుంది. "ఎన్నెయ్యమంటారు బాబూ?"

వాన రాకపోతే ఆరు. ఒక మనిషి నాలుగెకరాలు తన చేతిమీదుగా పోతే ఎన్ని? ఆయన బాణలి వైపు చూశారు. ఆ కష్టానికి సరిపడా బజ్జీలు ఆ బండి మీద లేవు.

"పెనుగొలను వెళ్లొస్తానమ్మా," అన్నారు.

"అక్కడ బజ్జీలు బాగోవండి," అంది వెంకాయమ్మ, ఆయన మంచి కోరి.

చేలో ఇరవై మొక్కలు చూశారు. పాత ఆకులు శుభ్రంగా ఉన్నాయి, కొత్త చిగుళ్లే వికారంగా సాగాయి. పురుగుమందు చేసే పని కాదది. మందు ఏ పంపుతో కొట్టారని అడిగారు. తన పంపు చెడిపోతే బావమరిది పంపు తెచ్చానన్నాడు ఆదిశేషయ్య. బావమరిది అంతకుముందే దాంతో మొక్కజొన్నలో కలుపుమందు కొట్టాడు. పంపు కడిగే ఇచ్చాడని ఆదిశేషయ్య, తీసుకెళ్లినవాడు కడుక్కుంటాడని బావమరిది అనుకున్నారు; అడుగున మిగిలిన కలుపుమందు పత్తి మీద పడింది. చుట్టరికంలో అలాంటివి అడగరు.

"అయితే నా చేనుకి చిచ్చు నేనే పెట్టుకున్నానన్నమాట," అన్నాడు ఆదిశేషయ్య.

"పంపు ఎవరిదని నేనూ అడగలేదుగా," అన్నారు రావుగారు. చిగుళ్లు తుంచి, నీళ్లలో యూరియా కలిపి కొట్టమని, మొక్క చావలేదు గనక పదిహేను రోజులు చూద్దామని చెప్పారు. ఆ పదిహేను రోజులూ తిరువూరులో ఇరవై కొట్లవాళ్లు ఆయన్ను రోజుకు నాలుగుసార్లు చూశారు.

పదహారో రోజున ఆదిశేషయ్య రెండు కవర్లతో దిగాడు. ఒకదాంట్లో పత్తి ఆకు, వెడల్పుగా, పచ్చగా, పత్తి ఆకులాగే ఉంది. రెండోదాంట్లో వెంకాయమ్మ బండి మీది బజ్జీలు, ఎనిమిది, పొగలు కక్కుతూ.

"మిమ్మల్ని అనుమానించానండి," అన్నాడు. "తినకపోతే ఇంకా కోపం పోలేదనుకుంటాను."

ఆరు నెలల్లో రాని ఆపద ఇప్పుడు వచ్చింది. భయంలో తినకుండా ఉండటం ఎలాగో ఆయన నేర్చుకున్నారు గానీ, సంతోషంలో ఎలాగో ఎవరూ చెప్పలేదు. కూర్చోమని, ఇప్పుడే వస్తానని చెప్పి కొట్టు దిగారు. ఇరవై కొట్లూ నడిచారు. ఒక్కచోటా ఆకలి కనిపించలేదు.

తిరిగొచ్చి, కోపం ఏనాడూ లేదని, ఆకలే లేదని చెప్పారు. ఆదిశేషయ్య నమ్మి, తనూ ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. ఇందిరాదేవి భర్త వైపు యుద్ధం గెలిచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఈ విజయాన్ని వీధంతా చాలాకాలం చెప్పుకుంది.

ఆయన వచ్చేసరికి బజ్జీలు చల్లారిపోయాయి. చల్లారిన బజ్జీ ఆయన షుగరు రాకముందు కూడా ముట్టేవారు కాదు.