అమ్మ ముఖం గుర్తురాని రోజు

నా చిన్నప్పుడు మేము కలకత్తాలో, మెటియాబ్రుజ్ రేవు దగ్గర ఉండేవాళ్లం. నాన్న ఓడల్లో సరుకు దించే పని చేసేవాడు. తమ్ముడి పురిటికని అమ్మ శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్తూ, బడి పోతుందని నన్ను నాన్న దగ్గరే వదిలింది.

మొదట్లో బాగానే ఉన్నాను. ఒక ఉదయం లేచేసరికి అమ్మ ముఖం గుర్తురాలేదు. ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా రాలేదు. ఇంట్లో ఉన్నదల్లా పెళ్లి ఫొటో. అందులో బాసికం కట్టుకుని తల దించుకున్నావిడ ఎవరో పెళ్లికూతురు, మా అమ్మ కాదు. నేను మరిచిపోతే అక్కడ అమ్మకేదో అయిపోతుందని భయమేసింది. నాన్నకి చెప్పే ధైర్యం లేక పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను.

ఆ అక్కవాళ్లదీ శ్రీకాకుళం వైపే, బొమ్మల కాలేజీలో చదువుకునేది. నన్ను ఓదార్చలేదు. కాగితం పరిచి, కుంచె తడిపి, "మీ యమ్మ కొళాయి కాడ ఏటి సేస్తాది?" అని అడిగింది. కొంగు పళ్లతో పట్టుకుని కూడా బెంగాలీలో పోట్లాడుతుందని చెప్పాను. అక్క నవ్వి, ఎర్రటి ఎన్నికల రాతల గోడ, దాని కింద కొళాయి, అమ్మ, అన్నీ వేసింది. ఇంకా ఏం చేస్తుందని అడుగుతూనే ఉంది. నేను చెప్పినవన్నీ ఒకే బొమ్మలోకి వచ్చాయి. రేవు క్రేను కొసన కూర్చుని చేపలు తోముతూ ఒక అమ్మ, శ్రీకాకుళం నుంచి గంగ దాటి సాగిన చేతులతో నా జడ అల్లుతూ ఇంకో అమ్మ. ఒక్కరికీ ముఖం లేదు.

ఆ చేతులు చూసి నాకు కోపం వచ్చింది. మోచేతి మీద నూనె చిందిన మచ్చ ఏదని దెబ్బలాడాను. అక్క కుంచె నా చేతికిచ్చింది. మచ్చ పెడుతుంటే, నూనె చిందిన రోజు గారెలు వేస్తూ, మంట ఓర్చుకుంటూ, నేను భయపడకూడదని నవ్విన అమ్మ ఉన్నదున్నట్టు కళ్ల ముందుకొచ్చింది. సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చాను.

"మొకం కోసం ఎతక్కే పిల్లా. పన్జేస్తున్నప్పుడు సూడు, అదే వొస్తాది" అంది అక్క.

ఇప్పుడు ఆవిడ పేరున్న చిత్రకారిణి. పెద్ద పెద్ద ఊళ్లలో ఆవిడ బొమ్మలు పెడతారు. గాల్లో తేలుతూ వంట చేసే ఆడవాళ్లని చూసి అందరూ కలలంటారు. నాకు మాత్రం మా వాడ ఆడవాళ్లే కనిపిస్తారు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కోసారి ముఖం మసకబారుతుంది. భయపడను. బియ్యం చెరుగుతూనో, చింతపండు పిసుకుతూనో ఉన్న ఆవిడని తలుచుకుని, పక్కన కూర్చున్నట్టే ఉండిపోతాను. పని కాగానే నావైపు తిరిగి, అన్నం తిన్నావా అని అడుగుతుంది.