తెగాల్సిన ముక్క

ఏడో తరగతిలో నేను బడి మానేస్తే బడి కూడా పెద్దగా బాధపడలేదు. ఆ తర్వాత నా చదువంతా బావుల్లోనే సాగింది. మాది కోసిగి పక్క. వాన మా ఊరికి దూరపు చుట్టంలా వస్తుంది, కూర్చోకుండానే పోతుంది. అందుకని ఏటా వలస వచ్చి కడప వైపు బావులు తవ్వేవాళ్ళం. ఒకరోజు నేను క్రేను ఇంజను దగ్గర కూర్చుని మనుషుల్ని రోపుతో దింపేవాణ్ణి, ఇంకోరోజు నేనే దిగేవాణ్ణి.

మా పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. బావిలోకి దిగేవాడి రోపు వాడి బామ్మర్ది చేతిలో ఉండాలి. అన్నదమ్ములంటే పొలం గట్టు తగాదాలుంటాయి. బామ్మర్దికి ఎంత కోపమున్నా అక్క మెడలో తాళి గుర్తొస్తుంది. నా రోపు ఎప్పుడూ మా బామ్మర్ది చేతిలోనే ఉండేది. అడుగున కూర్చుని తలెత్తితే ఆకాశం రొట్టెల పెనమంత కనిపించేది, దాని అంచున వాడి తలకాయ.

బోర్లు వచ్చాక బావుల పని పోయింది. బామ్మర్ది బెంగళూరు పోయాడు. నాకు రాజంపేట దారిలో ఒక బీడు మైదానంలో పని దొరికింది. ఒక చిన్న క్లబ్బువాళ్ళు అక్కడ గ్లైడర్లు ఎగరేసేవాళ్ళు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మైదానానికి ఆ చివర రోపు చుట్టే ఇంజను, దాన్ని వించి అంటారు, ఈ చివర గ్లైడరు, నడుమ పొడవాటి రోపు. వించి గబగబా రోపును చుట్టుకుంటే గ్లైడరు గాలిపటంలా లేస్తుంది. తగినంత ఎత్తుకు పోయాక నడిపేవాడు కొక్కెం వదిలేస్తాడు. ఆ వించి తిప్పేది నేను.

"ఇన్నాళ్ళూ మనుషుల్ని కిందికి పంపినా, ఇప్పుడు పైకి పంపుతాండా" అని మా ఇంటామెతో గొప్పగా చెప్పాను.

"నువ్వు మాత్రం ఆడనే ఉండావు గదా" అంది.

ఆ మాట లోపలికి దిగిపోయింది. నేను పంపినవాళ్ళు తిరిగొచ్చి చెయ్యేరు ఇసుక గురించి, ఒంటిమిట్ట గోపురం గురించి చెప్పేవాళ్ళు. మేం తవ్విన బావులు కనపడ్డాయా అని ఏ ఒక్కరినీ అడగలేకపోయాను. వాటిని ఒక్కసారి పైనుంచి చూడాలని ఉండేది. చివరికి ఎగరడం నేర్పే సారుతో అన్నాను. ఆయన కర్నూలు మనిషి, రిటైరైన పైలట్.

"నువ్వు పైకి పోతే వించి ఎవరు తిప్పుతారప్పా?"

"మా బామ్మర్దిని పిలిపిస్తా సార్."

వాడు సెలవు పెట్టి వచ్చాడు. సారు దగ్గరుండి వాడికి వించి తిప్పడం నేర్పాడు, ఇద్దరికీ జాగ్రత్తలు చెప్పాడు. గాల్లో తిరిగేటప్పటి కంటే రోపు మీద ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువట. రెక్క నేలకు వాలితే వెంటనే కొక్కెం వదలాలి. లేవగానే ముక్కు నిటారుగా ఎత్తకూడదు. రోపు తెగితే ముక్కు కిందికి వంచి వేగం తెచ్చుకోవాలి. ఇక రోపుకీ గ్లైడరుకీ నడుమ ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. లాగుడు మితిమీరితే రెక్కలు విరగకముందే అది తెగాలి.

"తెగాలని కోరుకునే పని యాడన్నా ఉండాదా బావా?" అన్నాడు బామ్మర్ది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

నా రోజు వచ్చింది. ముందు సీట్లో నన్ను బెల్టులతో కట్టేశారు. సారు ఎక్కబోతూ రోపు కొస చూసి ఆగాడు. ఇనుప ముక్క చుట్టూ ఎవరో బైండింగ్ వైరు గట్టిగా చుట్టి పెట్టారు.

"ఇది ఎవరప్పా చుట్టింది?"

వించి దగ్గరికి పోబోతున్న బామ్మర్ది తల గోక్కున్నాడు. "నేనే సార్. కూర్చుండేది మా అక్క మొగుడు. ఆ ముక్క చూస్తే బిస్కెట్ మాదిరుండాది."

"మీ బావ బతకాలంటే అది బిస్కెట్ మాదిరే ఉండాల."

సారు వైరు తెంపించి, ముక్క కూడా కొత్తది వేయించాడు. నేను నవ్వాను.

రోపు బిగిసింది. నేల జారిపోయింది. ముక్కు పైకి లేచాక నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఈసారి అది పెనమంత కాదు, దానికి అంచే లేదు. అంతలో గాలి ఒక్క తోపు తోసింది. టప్‌మని ఆ బిస్కెట్ ముక్క తెగింది. వెనక నుంచి సారు వెంటనే ముక్కు కిందికి వంచాడు. అప్పుడు నేల కనిపించింది. బావులు లేవు, గోపురం లేదు. దూరంగా వించి, దాని దగ్గర నుంచి చేతులెత్తుకుని మైదానం నడుమ పరుగెత్తుకొస్తున్న బామ్మర్ది. పైనుంచి నేను చూసిందంతా అంతే.

ఎదురుగా ఉన్న నేల మీదే నెమ్మదిగా దిగి, వాడికి చాలా ఇవతలే ఆగాం.

"దిగే గ్లైడరుకి ఎదురు ఉరుకుతారాప్పా ఎవరన్నా?" అని సారు కసిరాడు. వాడికి వినపడలేదు. నా భుజాలు తడిమి చూస్తున్నాడు.

"తెగింది బావా. పోయినావనుకున్యా."

"నేను పోయింటే మీ అక్క నిన్ను గూడా పంపేసేది లేరా, నా వెనకనే. వించి కూడా అక్కర్లా."

నవ్వబోయి ఏడ్చాడు.

ఇంకోసారి పోదామనుకున్నాం. సారు రోపంతా తడిమి చూస్తే అక్కడక్కడ పోగులు లేచి ఉన్నాయి. కొత్తది వచ్చేదాకా ఎవరూ ఎగరకూడదన్నాడు. అది రాలేదు. క్లబ్బులో మనుషులు తగ్గిపోయారు. మోకాళ్ళ నొప్పులతో సారు కర్నూలు చేరాడు. గ్లైడర్లు షెడ్డులో గుడ్డలు కప్పుకుని పడుకున్నాయి. నేను కాపలా. వారానికోసారి వించి ఇంజను ఆన్ చేసి కాసేపు తిప్పుతాను. ఎండ ఎక్కేసరికి గద్దలు వచ్చి, రోపూ వించీ ఏమీ అడగకుండా, మైదానం మీద గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. మా బావులు వాటికి రోజూ కనపడుతూనే ఉంటాయి.

నిన్న కూడా బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది.

"రోపు వచ్చిందా బావా?"

"రాలేదురా."

"వస్తే చెప్పు. ఇంకొకని చేతికి మాత్రం ఇయ్యొద్దు."

"ఇయ్యనులే."

"గాలి ఎట్లుండాది ఈ పొద్దు?" అని అడిగాడు.

తలెత్తి చూశాను.

"ఎగిరేటట్టే ఉండాదిరా" అన్నాను.