చెవికి తలుపు లేదు

ఆదివారం ఆటోకు సెలవిచ్చి, ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి ఉన్నారు. ఉన్నట్టుండి అందులోంచి ఒక గొంతు లేచింది. "రండి, రండి... ర... ర..." తర్వాత దగ్గు. ఆ దగ్గు ముగిసే చోట సరిగ్గా ఒక ఎనుము అరుపు. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. టికెట్లు కొడుతున్న కండక్టరు కూడా వంగి చూసి నవ్వాడు. నవ్వు ఆగకముందే ఒక ఆడగొంతు, ఎంతో తియ్యగా, తమ అంగట్లో బంగారు గాజులకు తరుగు పట్టబోమని చెప్పింది. దగ్గుతున్న మనిషి దావీదన్న. ఆ ఎనుము అరుపు అతికించినవాణ్ణి నేను.

మీలో ఎవరూ దావీదన్నను చూసి ఉండరు. ఆదోనిలో ఉన్నవాళ్ళు కూడా పెద్దగా చూడలేదు, విన్నారు. చీరల అంగడి తెరిచినా, సర్కస్ వచ్చినా, కుళాయి నీళ్ళు రెండు రోజులు రావని చెప్పాలన్నా ఆ గొంతే. నేను ఆస్పరి బడిలో తొమ్మిదో తరగతి సగంలో బయటికొచ్చినవాణ్ణి. బడి నన్ను తరిమిందని ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, మా ఇద్దరికీ పొసగలేదంతే. పెళ్ళీడు వచ్చేదాకా ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఆటో కొనుక్కుంటే, దాని నెత్తిన రెండు మైకులు కట్టి నన్ను పనిలో పెట్టుకున్నది దావీదన్న. మొదటి రోజు పేరడిగాడు. ఈరన్న అని చెప్పాను.

"మంచి పేరే. ఉరుకుంద ఈరన్నసామి తిరునాళ్ళలో మాత్రం నిన్ను మైకులో పిలిచేది లేదప్పా. సగం జనం తిరిగి సూస్తారు, తొక్కులాటవుతాది" అన్నాడు. నాకంటే ముందే నవ్వించగల మనిషి దొరికాడని ఆ రోజే ఆయనకు లొంగిపోయాను.

ఆయన నాకు నేర్పిన పని మాట్లాడటం కాదు, ఆపడం. మైకు స్విచ్ నా హ్యాండిల్ పక్కనే పెట్టించాడు. ఆ వారంలోనే పెద్దాసుపత్రి గేటు దగ్గర, "రెండు చీరలు కొంటే జాకెట్టు..." అంటున్నవాడు చెయ్యి చాచి టక్కున స్విచ్ కట్టేశాడు. "ఏందన్నా, జాకెట్టు సగంలో నిలిపితివి, లోపలోళ్ళు చలికి సస్తారు" అన్నాను. ఆయన నవ్వలేదు.

"కంటికి రెప్ప ఉండాది. నోటికి పెదాలుండాయి. చెవికేముండాది సెప్పు? తలుపు ల్యా. వాళ్ళు మూసుకోలేరు గాబట్టి మనమే మూయాల. స్విచ్ నీ చేతికాడ ఉండాది. నేను మరిచినా నువ్వు మరవగాకు."

ఆసుపత్రి, పరీక్షలప్పుడు బడి, చావు జరిగిన ఇల్లు. వీధి మొదట్లో షామియానా కనబడితే చాలు, నా బొటనవేలు దానంతటదే స్విచ్ మీదికి పోయేది.

తర్వాత అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లలో ప్రకటనలు వేసుకోవడం మొదలుపెట్టారు. పని పలచబడింది. ఒక రోజు పత్తి యార్డు బయట టీ తాగుతూ, నేను నవ్వు వీడియోలు పెట్టే యాప్ ఆయనకు చూపించాను.

"దీనికి నెలకెంత కడతావప్పా?"

"ఊరికేనే అన్నా."

"పెట్టేటోనికీ ఊరికేనా? సూసేటోనికీ ఊరికేనా? మరి కంపెనీ ఏం తింటాది?" కాసేపు అలా వేలితో పైకి తోస్తూ చూశాడు. నాలుగు వీడియోల తర్వాత మోకాళ్ళ నూనె వచ్చింది. అంతకుముందు రోజు తన భార్య, మా మరియమ్మ వదిన కోసం ఆ నూనె గురించి ఆ ఫోన్‌లోనే వెతికించుకున్నాడాయన. గ్లాసు కింద పెట్టాడు. "ఓ, మన యాపారమే ఇది. మన మైకు ఇన్నందుకు ఎవడన్నా రూపాయిచ్చినాడా? దుడ్డిచ్చేది అంగడాయప్ప. మనం జనాన్ని నిలబెట్టి ఆయప్పకు అమ్ముతాండాం. కాకపోతే ఎవరింట్లో ఎవరికి మోకాళ్ళు నొస్తాయో మనకు తెలీదు, దీనికి తెలుసు." మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అడిగాడు. "దీని స్విచ్ యాడుంటాదప్పా? చావింటి ముందర ఎవరు కడతారు?"

"అదంతా ఉండదన్నా, నువ్వు మరీ పాతకాలపోడివి" అని నవ్వేశాను.

కొన్నాళ్ళకు, ఎమ్మిగనూరు సంత రోజు అది. కొత్త బట్టలంగడి కోసం ఆటో నిలిపాము. నెల రోజులుగా ఆయన గొంతు బొంగురుపోతూ ఉంది, తులసాకు నములుతూ నెట్టుకొస్తున్నాడు. "రండి, రండి" వరకు బాగానే పలికాడు. మూడోది గొంతులో ఇరుక్కుంది. "ర... ర..." అని దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు రెండు మైకుల్లోంచి సంతంతా మోగింది. కళ్ళల్లో నీళ్ళతో నా వైపు చూసి, కట్టెయ్యమని చెయ్యి ఊపాడు. స్విచ్ నా చేతి దగ్గరే ఉంది. నేను ఫోన్ తీశాను.

మర్నాటికి వీధుల్లో పిల్లలు "ర... ర..." అంటూ ఆటో వెనక పరిగెత్తారు. వారం తర్వాత ఒక అంగడాయన పిలిచి, పని ఇస్తానన్నాడు, అయితే ఆ దగ్గు దగ్గాలట. దావీదన్న వచ్చి ఆటోలో కూర్చున్నాడు. పెద్దకడుబూరు దారిలో అడిగాడు.

"డ్రైవర్ సీట్లోంచి తీసినట్టుండాదే."

నేను గేరు మార్చాను. జోకులన్నీ ఎటు పోయాయో.

"ఎంతమంది నిలబడి సూసినారప్పా?"

"నాలుగు లక్షలన్నా."

"నా బతుకంతా అరిసినా అంతమంది నిలబడలే." చేల వైపు చూశాడు. "బంగారు అంగడోళ్ళు ఇచ్చిన దుడ్డు ఎవరికి పోయింది?"

"కంపెనీకి."

"నీకేం రాలేదా?"

"మనకు ఇయ్యాలంటే ఇంకా జనం చేరాలంటన్నా."

"అట్లనా" అన్నాడు. "నన్ను అమ్మితే అమ్మితివి, ఊరికే అమ్మితివి కదప్పా."

ఆ వీడియో ఆ రోజే తీసేశాను, నా ఫోన్‌లోంచి కూడా. అప్పటికే ముక్కూముఖం లేని పేజీలెన్నో దాన్ని ఎత్తుకుపోయాయి. మనకు జనం చాలరు గానీ వాళ్ళకు చాలారు. దావీదన్న మళ్ళీ మైకు పట్టలేదు. నాలుగు లక్షలమంది నవ్విన ఆ దగ్గు గొంతులోని క్యాన్సర్ పుండు దగ్గని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పారు. మొదట గొంతు తీసేశారు. ఏడాది తిరక్కుండా మనిషి పోయాడు. చివరి నెలల్లో నేను పోతే, పలక మీద ఏదో రాసి నన్ను నవ్వించాలని చూసేవాడు. కోపం చూపించి ఉంటే నా బాకీ ఎంతో కొంత తీరేది.

ఆ ఆదివారం బస్సు దిగి, ప్రార్థన గుడి నుంచి అప్పుడే వచ్చిన మరియమ్మ వదిన ఇంటికి వెళ్ళాను. ప్రతి ఆదివారం వెళ్తాను. ఆయన పోయిన కొత్తలో ఆమె ఒక మాట అడిగింది. "మీ అన్న గొంతు ఒకసారి ఇనిపీప్పా." ఊరంతా అన్నేళ్ళు విన్న గొంతును ఎవరూ దాచుకోలేదు. రోజూ వచ్చే గొంతును ఎవరు దాస్తారు? మిగిలింది ఆ వీడియో ఒక్కటే. "వద్దులే వదినా, అది నవ్వేదానికి పెట్టింది" అన్నాను. "తెలుసు. అయినా గొంతు ఆయప్పదే గదా" అంది.

ఈసారి కూడా, దాన్ని ఎత్తుకుపోయిన ఒక పేజీ తెరిచి ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆ పేజీలో ముందు గాజులామె వస్తుంది, ఆమె చెప్పేది అయిపోవాలి. వదిన ఫోన్ కింద ఉండే సన్నటి చిల్లుల మీద బొటనవేలు పెట్టి మూసి, కాచుకుంటుంది. అయిపోగానే వేలు తీస్తుంది. "రండి, రండి." మూడోది రాకముందే మళ్ళీ మూసేస్తుంది. ఆ రెండు మాటలే. "ఇంకోసారి పెట్టప్పా" అంటుంది, మళ్ళీ గాజులు, మళ్ళీ వేలు. బంగారు అంగడికి ఆమె ఈ జన్మలో పోదు. అయినా ఆ వేలు లేచి పడినన్నిసార్లూ ఎవరో ఎక్కడో ఆమెను అమ్ముకుంటూనే ఉంటారు.

నా ఆటో మీద మైకులు లేవిప్పుడు. స్విచ్ మాత్రం పీకలేదు. ఆసుపత్రి గేటు వస్తే బొటనవేలు దాని మీదికి పోతుంది, నొక్కుతాను. సంతలో ఆ ఒక్కసారి తప్ప, ఎప్పుడూ నొక్కడం మరిచింది లేదు.